ఓడ వెళ్ళింది, మేం వెళ్ళలేదు: తుఫాను సీజన్‌లో క్రూజ్ ఇన్సూరెన్స్ దండగేనా?

కేటీవాసి

ఇన్నాళ్ళూ మనసులోనే పెట్టుకున్నాను. నలుగురూ ఏమంటారో వినాలని ఇక్కడ రాస్తున్నాను.

2024 జూన్ 30, ఆదివారం. టెక్సస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి ఏడు రాత్రుల క్రూజ్. నేను, మావారు, ఇద్దరు పిల్లలు, వైజాగ్ నుంచి వచ్చిన అమ్మా నాన్నా. జమైకా, గ్రాండ్ కేమన్, కొజుమెల్ చూపిస్తామని బుక్ చేశాం. మా నలుగురికీ 4,600 డాలర్లు, అమ్మావాళ్ళ గదికి 2,240. మార్చిలో డిపాజిట్ కట్టిన వారంలోనే మా నలుగురికీ 290 డాలర్లు పెట్టి ట్రిప్ ఇన్సూరెన్స్ తీసుకున్నాను. అమ్మావాళ్ళకి విజిటర్ మెడికల్ పాలసీ ఎలాగూ ఉంది కదా అని వేరే ఏమీ తీసుకోలేదు. ఆ పాలసీలో ప్రయాణం రద్దు సంగతే ఉండదని తర్వాత తెలిసింది.

శుక్రవారం రాత్రి అట్లాంటిక్‌లో తుఫానుకి బెరిల్ అని పేరు పెట్టారు. శనివారానికి అది హరికేన్. ఆదివారం కేటగిరీ 4 అన్నారు, ఐదింటిలో నాలుగో స్థాయి. ఆ పొద్దునే క్రూజ్ కంపెనీ నుంచి మెయిల్: జమైకా, కేమన్ తీసేశాం, బదులుగా వేరే రేవులకి వెళ్తున్నాం, ఓడ మాత్రం సమయానికే బయల్దేరుతుంది.

సామాన్లు కారులో పెట్టేశాం. అమ్మ సోఫాలోంచి లేవలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు అమ్మా నాన్నా ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తులో ఉన్నారు. కిటికీ అద్దాలు పగిలి గదిలోకి వచ్చిపడ్డాయి. బాత్రూంలో తలుపు బిగించుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. "ఆ గాలి చప్పుడు ఇంకోసారి వినలేనే తల్లీ, మీరు వెళ్ళిరండి" అంది. వాళ్ళని ఇంట్లో వదిలేసి మేం ఎలా వెళ్తాం? ఎవరం వెళ్ళలేదు.

క్లెయిమ్ పెట్టాను. తిరస్కరించారు. ఓడ బయల్దేరింది, మీరు మీ ఇష్టంతో మానుకున్నారు, ఇది కవర్డ్ రీజన్ (పాలసీ డబ్బిచ్చే కారణం) కాదు అన్నారు. అప్పీలు చేస్తే మళ్ళీ అదే జవాబు. పాలసీ అమ్మేటప్పుడు "తీవ్ర వాతావరణానికి రక్షణ" అని మొదటి పేజీలోనే ఉంది. కేటగిరీ 4 హరికేన్ కంటే తీవ్రమైన వాతావరణం ఇంకేముంటుంది? ఇది న్యాయమేనా? తుఫాను సీజన్‌లో ఈ ఇన్సూరెన్స్ కొనడంలో అర్థముందా?

లెక్క_సరిచూడు

మీ అమ్మగారి భయాన్ని ఎవరూ తప్పుపట్టరండి. నా మాట ఇన్సూరెన్స్ గురించే. 2011 నుంచి మేం పదకొండు క్రూజ్‌లు చేశాం, ఒక్కదానికీ ట్రిప్ ఇన్సూరెన్స్ కొనలేదు. కట్టకుండా మిగిలిన ప్రీమియంలు కలిపితే ఇంకో క్రూజ్ ఖర్చు వచ్చేసింది.

ఓడ అసలు కదలకపోతే డబ్బు వెనక్కివ్వాల్సింది క్రూజ్ కంపెనీయే. అమెరికా రేవుల్లో ఎక్కే ప్రయాణాలకి ఫెడరల్ మారిటైమ్ కమిషన్ (ఓడల వ్యాపారాన్ని చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన 2022 నుంచి ఉంది: ప్రయాణం రద్దయినా, ఎక్కించుకోవడం మూడు రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఆలస్యమైనా, వద్దనుకున్న ప్రయాణికుడికి డబ్బు వాపసు. ఓడ కదిలి రేవులు మార్చితే కంపెనీ ఇవ్వదు, ఆ రేవుల పన్నులూ ఫీజులూ మాత్రం తిరిగొస్తాయి. ఇన్సూరెన్స్ కూడా ఇవ్వదని మీ అనుభవమే చెప్తోంది. మరి ఆ 290 డాలర్లతో మీరు కొన్నదేమిటి? తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

మానేరు_ఒడ్డు

అక్కా, మీ బాధ అర్థమైతది. కని ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. ఓడ పోయింది గద. ఎక్కినోళ్ళు మంచిగనే తిరిగొచ్చిన్రు గద. అసొంటప్పుడు బీమా పైసలు ఎందుకియ్యాలె? టీవీల మ్యాపు చూసి భయమైందన్నోళ్ళందరికి ఇచ్చుకుంట పోతే, ఆ భారం ప్రీమియం కట్టినోళ్ళ మీదనే పడతది.

క్లెయిమ్ కాదన్నది నాకు తప్పనిపిస్తలేదు. మొదటి పేజీల తీవ్ర వాతావరణం అని పెద్దగ రాసి, ఎప్పుడిస్తరు ఎప్పుడియ్యరు అన్నది ఎక్కడ్నో ముప్పయ్యో పేజీల పెట్టుడు, గది తప్పు.

క్లెయిమ్స్‌లో_తొమ్మిదేళ్ళు

ట్రావెల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్స్‌లో తొమ్మిదేళ్ళు పనిచేసి మానేశాను. ఇప్పుడు ఏ కంపెనీతోనూ నాకు సంబంధం లేదు. కేటీవాసి గారూ, మీలాంటి ఉత్తరాలు చాలా చదివాను, కొన్నిటికి "కుదరదు" అని నేనే సంతకం పెట్టాను. కాబట్టి ఎక్కడ తేడా వస్తుందో చెప్పగలను.

మామూలు ట్రిప్ పాలసీ అంటే కారణాల జాబితా. అందులో రాసిన కారణం జరిగితేనే డబ్బు. ఆ జాబితాలో వాతావరణం అనే మాట ఒంటరిగా కనబడదు. దాని పక్కన ఎప్పుడూ ఇంకో షరతు ఉంటుంది. వాతావరణం వల్ల మిమ్మల్ని తీసుకెళ్ళాల్సిన విమానమో ఓడో ఆగిపోవాలి. లేదా మీ ఇల్లు ఉండటానికి వీల్లేకుండా దెబ్బతినాలి. లేదా ఊరు ఖాళీ చేయమని ప్రభుత్వం ఆదేశించాలి. ఆగిపోవడానికి కూడా కొన్ని పాలసీల్లో గంటల లెక్క ఉంటుంది, ఒకదాంట్లో 24 అయితే ఇంకోదాంట్లో 48. ఓడ సమయానికి కదిలిందంటే ఆ షరతు తీరలేదు. సముద్రం అవతల ఏ కేటగిరీ ఉన్నా అక్కడ చూడరు. మీ క్లెయిమ్ పోయింది అక్కడే.

కొన్ని పాలసీల్లో ఇంకో వాక్యం ఉంటుంది: మీరు వెళ్ళే చోటికి ప్రభుత్వ వాతావరణ సంస్థ హరికేన్ హెచ్చరిక ఇస్తే మీరే రద్దు చేసుకోవచ్చు అని. మంచిదే, కానీ అందులో "వెళ్ళే చోటు" అంటే ఏమిటో నిర్వచనం వెతకండి. రాత్రి బస చేసే ఊరు అని రాసుంటే, ఓడ పగలు ఆరు గంటలు ఆగే జమైకా రేవు అందులోకి రాదు. హోటల్‌కి వెళ్ళేవాళ్ళకి పనికొచ్చే వాక్యం క్రూజ్‌వాళ్ళకి చేతికందదు. ఈ ఒక్క విషయంలో నేనూ ఆ పాలసీలు రాసేవాళ్ళని తప్పుపడతాను. ఒకే కాగితం ఇద్దరికీ అమ్ముతున్నారు.

ఇక తేదీ. గాలి గంటకు 63 కిలోమీటర్లు చేరితే నేషనల్ హరికేన్ సెంటర్ పేరు పెడుతుంది. ఆ తర్వాత కొన్న పాలసీకి ఆ తుఫాను "ముందే తెలిసిన సంగతి". బెరిల్‌కి జూన్ 28న పేరు పడింది, టెక్సస్ తీరాన్ని తాకింది జులై 8న. మధ్యలో పది రోజులు. వారం ముందు వార్తలు చూసి పాలసీ కొన్నవాళ్ళకి బెరిల్ నష్టాల్లో పైసా రాదు. వైద్య ఖర్చుల లాంటి మిగతా రక్షణలు ఉంటాయి, అంతే. 2017లో హార్వీ ఇంకా చిక్కు. ఆగస్టు 17న పేరు పడింది, 19కి బలహీనపడి చెదిరిపోయింది, 23న మళ్ళీ లేచి 25న టెక్సస్ మీద పడింది. ఇలాంటప్పుడు ఏ తేదీ నుంచి లెక్కో కంపెనీలు తమ సైట్లలో ప్రకటిస్తాయి. అది చూడకుండా ఆఖరి నిమిషంలో కొనకండి.

మీరు తేదీలో తప్పు చేయలేదండీ, మార్చిలోనే కొన్నారు. మీరు కొన్నది ప్రయాణానికి అడ్డం పడినప్పటి రక్షణ. మీకు కావలసింది ప్రయాణం మారిపోయినప్పటి రక్షణ. రెండూ ఒకటి కాదని మీకు అమ్మినవాళ్ళు చెప్పి ఉండాల్సింది.

ఎడిసన్_మామ

లెక్క గారూ, సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తాను. మీ పదకొండు క్రూజ్‌లకీ రేవుకి కారులో వెళ్ళారా, విమానంలోనా? టెక్సస్ వాళ్ళు గాల్వెస్టన్‌కి కారులో వెళ్ళిపోతారు. మాలాంటివాళ్ళ కష్టం వేరే.

జనవరిలో మాకు ఫోర్ట్ లాడర్‌డేల్‌లో ఓడ. న్యూవార్క్‌లో మంచు తుఫాను. పొద్దున విమానం రద్దు, మర్నాటి దాకా సీటు లేదు. ఎయిర్‌లైన్ టికెట్ డబ్బు ఇచ్చింది. క్రూజ్ కంపెనీని అడిగితే, ఫ్లోరిడాలో ఎండ కాస్తోంది, ఓడ సమయానికి వెళ్ళింది, మీరే రాలేదు అన్నారు. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది నిజమే. మా 3,900 డాలర్లూ ఇచ్చింది ఇన్సూరెన్సే, ఎయిర్‌లైన్ రద్దు కాగితం జత చేస్తే ఐదు వారాల్లో. మీ కమిషన్ నిబంధన మాకు ఏ రకంగానూ ఉపయోగపడేది కాదు, ఓడ ఆగలేదు కదా.

తుఫాను సీజన్ అంటే జూన్ 1 నుంచి నవంబర్ 30 అనుకుంటాం. మా పక్కనే బయోన్ నుంచి 2016 ఫిబ్రవరిలో ఆంథెమ్ ఆఫ్ ద సీస్ అనే క్రూజ్ ఓడ బయల్దేరి, కేప్ హాటరస్ దగ్గర తుఫాను గాలుల్లో చిక్కుకుని, ఫ్లోరిడా చేరకుండానే వెనక్కి తిరిగింది. అప్పుడు ఆ ఓడ కంపెనీ రాయల్ కరీబియన్ మొత్తం డబ్బు వెనక్కిచ్చి, తర్వాతి క్రూజ్‌కి సగం ధర క్రెడిట్ కూడా ఇచ్చింది. అది కంపెనీ పెద్దమనసు. దాన్ని నమ్ముకుని టికెట్ కొనలేం.

ఫ్రిస్కో_2009

ఇంత చర్చ అక్కర్లేదు. క్యాన్సిల్ ఫర్ ఎనీ రీజన్ అని ఒక అదనపు కవర్ ఉంటుంది. పేరులోనే ఉంది, ఏ కారణానికైనా రద్దు చేసుకోవచ్చు. భయమేసినా, మనసు మారినా. కట్టిన డబ్బులో 50 నుంచి 75 శాతం నగదుగా వస్తుంది. మొదటి డిపాజిట్ కట్టిన 14 నుంచి 21 రోజుల్లోపు తీసుకోవాలి, పాలసీని బట్టి. వాపసు రాని మొత్తం ఖర్చుకీ ఇన్సూర్ చేయాలి, సగానికి చేస్తే కుదరదు. ప్రీమియం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. కేటీవాసి గారు అది తీసుకుని ఉంటే 4,600లో 3,450 చేతిలో ఉండేవి. ఆగస్టు, సెప్టెంబర్ కరీబియన్‌కి ఇది లేకుండా మేం డిపాజిట్ కట్టం.

మానేరు_ఒడ్డు

ఫ్రిస్కో అన్నా, ఒక్కసారి ఆగు. నా దగ్గర గసొంటి పాలసీ కాగితమే ఉన్నది, ఇప్పుడే తీసి చదివిన. బయల్దేరే టైముకు 48 గంటల ముందే రద్దు చెయ్యాలె అని రాసున్నది.

ఇగ లెక్క చూడు. ఓడ ఆదివారం నాలుగింటికి అనుకుందాం. 48 గంటలంటే శుక్రవారం సాయంత్రం నాలుగు. తుఫానుకు బెరిల్ అని పేరు వెట్టిందే శుక్రవారం రాత్రి. రేవులు మారినయని అక్కకు మెయిల్ వచ్చింది ఆదివారం పొద్దున. అంటే ఆ కవర్ కొన్నా ఒక్క డాలర్ గూడ వచ్చేది కాదు. భయం పుట్టక ముందే గడువు అయిపోయింది.

ఫ్రిస్కో_2009

నిజమే. 48 గంటల మాట నాకు తెలుసు, కానీ ఈ తేదీలకి పెట్టి చూడలేదు. తుఫాను నాలుగైదు రోజుల ముందే కనబడితే అది పనిచేస్తుంది. బెరిల్ అంత వేగంగా పెరిగితే పనిచేయదు. అయినా నేను కొంటూనే ఉంటాను, ఉద్యోగం పోవడం, వీసా స్టాంపింగ్ ఆలస్యం ఇలాంటివన్నీ అందులోకే వస్తాయి కాబట్టి. కానీ కేటీవాసి గారికి 3,450 వచ్చేవి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కేటీవాసి

మానేరు ఒడ్డు గారి లెక్క చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. ఇన్ని నెలలుగా ఆ కవర్ తీసుకోనందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను, మావారి ముందు కూడా తలెత్తలేకపోయాను. తీసుకున్నా రాదని ఎవరూ చెప్పలేదు.

మరి అలాంటి ఆదివారం పొద్దున ఏది పనికొచ్చేది? అసలేదైనా ఉందా?

క్లెయిమ్స్‌లో_తొమ్మిదేళ్ళు

ఒకటి ఉంది. నేను పనిచేసిన రోజుల్లో మేం చిన్నచూపు చూసినదే. బుకింగ్ చేసేటప్పుడు క్రూజ్ కంపెనీ తన సొంత ప్రొటెక్షన్ ప్లాన్ చూపిస్తుంది కదా, అది. చాలా కంపెనీల ప్లాన్లలో కారణం ఏదైనా సరే, ఓడ బయల్దేరే ముందు దాకా రద్దు చేసుకుంటే 75 శాతం, ఒక్కోచోట 90 శాతం, ఫ్యూచర్ క్రూజ్ క్రెడిట్‌గా, అంటే తర్వాతి క్రూజ్‌కి వాడుకునేలా ఇస్తారు. 48 గంటల షరతు సాధారణంగా ఉండదు. మెడికల్ కవరేజి తక్కువ, ఓడ మీంచి హెలికాప్టర్‌లో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ మొత్తం సరిపోకపోవచ్చు. అందుకే బయటి పాలసీయే మేలని మేం అందరికీ చెప్పేవాళ్ళం. కానీ ఆదివారం పొద్దున ఓడ రేవులో సిద్ధంగా ఉండి, ఇంట్లో అమ్మ రానంటే, పనికొచ్చేది అదే.

నగదు కాదు, క్రెడిట్. దానికి గడువుంటుంది. పేరు మార్చడానికి చాలాచోట్ల ఒప్పుకోరు.

కేటీవాసి

అంటే అమ్మావాళ్ళకి అదీ వృథాయే. సెప్టెంబర్‌లో వాళ్ళు వైజాగ్ వెళ్ళిపోయారు. ఏడాదిలోపు మళ్ళీ వచ్చి ఓడెక్కాలంటే ఎలా?

టాంపా_తీరం

ఇన్సూరెన్స్ ఇచ్చిన సంగతి కూడా ఒకటి ఇక్కడ ఉండాలని రాస్తున్నాను.

2024 అక్టోబర్ 5న మిల్టన్ తుఫానుకి పేరు పడింది. మాకు పదో తారీఖున పోర్ట్ కెనావెరల్ నుంచి నాలుగు రాత్రుల క్రూజ్. పాలసీ జూన్‌లోనే తీసుకున్నాం. మా ఇల్లు ఫ్లోరిడాలోని టాంపాలో జోన్ ఎ, అంటే ముందుగా ఖాళీ చేయించే ప్రాంతం. అంతకుముందు హరికేన్ హెలీన్ వెళ్ళి రెండు వారాలు కాలేదు, మా వీధిలో తడిసిన సోఫాలూ గోడలూ ఇంకా రోడ్డు పక్కనే గుట్టలుగా ఉన్నాయి. మిల్టన్ వస్తోందని ఖాళీ చేయమని తప్పనిసరి ఆదేశం వచ్చింది. తొమ్మిదో తారీఖు రాత్రి సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. మేం అప్పటికి జార్జియాలో చుట్టాలింట్లో ఉన్నాం.

ఓడ రద్దు కాలేదు. రేవు మూతపడి ఆలస్యంగా బయల్దేరింది, మూడు రోజులకంటే తక్కువే, కాబట్టి కమిషన్ నిబంధన వర్తించలేదు. మాకు వెళ్ళే మనసూ లేదు, దారీ లేదు. కౌంటీ ఆదేశం కాపీ, ఇంటి చిరునామా రుజువు, క్రూజ్ కంపెనీ మాకు తిరిగివ్వని మొత్తం ఎంతో రాసిచ్చిన కాగితం, ఈ మూడూ పెట్టాం. మొత్తం ఇచ్చారు.

కేటీవాసి గారి పాలసీకీ మా పాలసీకీ పెద్ద తేడా ఉండి ఉండదు. మాకు భయం వేయడం వల్ల రాలేదు, షెరీఫ్ మైకులో చెప్పడం వల్ల వచ్చింది. ఆలోచిస్తే నాకూ కష్టంగానే ఉంది. ఆ రాత్రి మా పిల్లలు పడ్డ భయం, ఆవిడ అమ్మగారు పడ్డ భయం వేరని నేను అనలేను.

లెక్క_సరిచూడు

ఎడిసన్ మామ గారి మంచు తుఫాను, టాంపా వారి ఆదేశం రెండూ చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. మేం అన్నిసార్లూ గాల్వెస్టన్‌కి కారులోనే వెళ్ళాం, అది నిజం. విమానంలో వెళ్ళేవాళ్ళకి ఇన్సూరెన్స్ వద్దని ఇక చెప్పను. కొన్ని క్రెడిట్ కార్డుల్లో కూడా ఈ రక్షణ ఉంటుంది, అది ముందు చూసుకోండి అని మాత్రం అంటాను.

కానీ అసలు దోషం ఇన్సూరెన్స్‌లో లేదు, టికెట్ ఒప్పందంలో ఉంది. జమైకా, కేమన్ అని అమ్మారు. చివరిరోజు తీసేశారు. హోటల్‌వాడు సముద్రం వైపు గది అని చెప్పి వెనక సందు వైపు గది ఇస్తే ఊరుకుంటామా? రెండు రేవులు మారిస్తే, బయల్దేరే ముందు వద్దనుకున్నవాళ్ళకి సగమైనా వెనక్కివ్వాలని చట్టం ఉండాలి. ఆ భారం ఇన్సూరెన్స్ కొన్నవాళ్ళ మీదికి ఎందుకు తోయాలి?

రేవు_గంట

పద్నాలుగేళ్ళు మర్చంట్ నేవీలో చేశాను, ఎక్కువగా సరుకు ఓడల మీద. లెక్క గారి మాటలో న్యాయం ఉంది, కానీ వినడానికే నాకు గుండె బరువెక్కింది. ఎందుకో చెప్తాను.

2015 అక్టోబర్ 1న ఎల్ ఫారో అనే సరుకు ఓడ జాక్సన్‌విల్ నుంచి శాన్ హువాన్ వెళ్తూ వాకీన్ (Joaquin) హరికేన్‌లో మునిగిపోయింది. 33 మంది. ఒక్కరూ బతకలేదు. దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళే దారి ఉంది. తిరగలేదు. మునిగిన ఓడలోంచి తీసిన రికార్డరులో వాళ్ళ మాటలన్నీ ఉన్నాయి. కింది అధికారులు దారి మారుద్దామా అని కెప్టెన్‌ని అడగడం కూడా అందులో ఉంది. ఓడ మీద పనిచేసినవాళ్ళెవరూ ఆ మాటల్ని మర్చిపోలేరు.

కెప్టెన్ దారి మార్చాలనుకున్నప్పుడు అతని తలలో డబ్బు లెక్క ఉండకూడదు. రేవు వదిలేస్తే కంపెనీ మూడు వేలమందికి సగం డబ్బు ఇవ్వాలి అంటే, ఎవరో ఒకరు ఒడ్డునుంచి ఫోన్ చేసి, "ఇంకో ఆరు గంటలు చూడలేవా?" అని అడుగుతారు. టికెట్ ఒప్పందంలో దారి మార్చే హక్కు అంత గట్టిగా రాసుకున్నది కంపెనీ లాభానికే కావచ్చు, కానీ అదే మన ప్రాణాలు కూడా కాపాడుతోంది. జమైకా తీసేశామని వచ్చిన ఆ మెయిల్ కేటీవాసి గారి అమ్మగారికి ప్రమాదఘంటలా వినబడింది. నాకైతే ఆ మెయిల్ పంపిన ఓడ మీద నమ్మకం కలుగుతుంది. 20 నాట్ల వేగంతో (గంటకు సుమారు 37 కిలోమీటర్లు) నడిచే ఓడకి తుఫానుని తప్పించుకునే బలం ఉంది, ముందే దారి మార్చుకుంటే చాలు.

లెక్క_సరిచూడు

రేవు గంట గారూ, మీరు చెప్పింది కాదనను. కానీ నేనడిగింది ఓడ కదలకముందు మనసు మార్చుకున్నవాళ్ళ గురించి. దారి మార్చే నిర్ణయం అప్పటికే అయిపోయింది. డబ్బు వెనక్కిస్తే కెప్టెన్ మీద ఒత్తిడి ఎలా పెరుగుతుంది?

రేవు_గంట

ఈసారికి అయిపోయింది. వచ్చేసారి మెయిల్ ఆదివారం పొద్దున కాకుండా ఓడ కదిలాక సాయంత్రం ఆరింటికి వస్తుంది. నా భయం అది.

ఎడిసన్_మామ

ఈ ఒక్క పోస్టులో ఇద్దరూ నన్ను రెండు వైపులకీ లాగేశారు. నేను తేల్చుకోలేకపోతున్నాను.

కేటీవాసి గారూ, ఒక చిన్న సంగతి. ఓడ ఎక్కకపోయినా రేవు పన్నులు, ఫీజులు చాలా కంపెనీలు తిరిగిస్తాయి, అవి మీ తరఫున రేవులకి కట్టాల్సినవి. ఆరుగురివీ అడిగారా? అడగకపోతే ఊరుకుంటారు.

క్లెయిమ్స్‌లో_తొమ్మిదేళ్ళు

మంచి మాట గుర్తుచేశారు. ఇంకోటి: కొన్న పాలసీని 10 నుంచి 15 రోజుల్లోపు వద్దనుకుంటే ప్రీమియం మొత్తం వెనక్కొస్తుంది, ప్రయాణం మొదలుకాకుండా, క్లెయిమ్ పెట్టకుండా ఉంటే. ఆ రోజులు ఉన్నది పాలసీ చదవడానికే. ఆ గడువులో కూర్చుని వాతావరణం అనే మాట ఎక్కడెక్కడ ఉందో వెతకండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకి జబ్బు చేస్తే ఏమిటన్నది కూడా చూడండి. ప్రయాణంలో లేని కుటుంబ సభ్యుల అనారోగ్యం మామూలుగా కవర్డ్ రీజనే. కానీ వాళ్ళకి ఉన్న పాత షుగరో గుండె జబ్బో ముదిరితే అది మినహాయింపులోకి పోతుంది. డిపాజిట్ కట్టిన రెండు మూడు వారాల్లోపు పాలసీ కొంటే చాలా కంపెనీలు ఆ మినహాయింపు తీసేస్తాయి. మనవాళ్ళు తుఫాను గురించి అడిగినంతగా దీని గురించి అడగరు. నా బల్ల మీదికి తుఫానుల కంటే ఇవే ఎక్కువ వచ్చేవి.

కేటీవాసి

ఎడిసన్ మామ గారూ, అడగలేదండి. నిన్న ఫోన్ చేశాను. ఆరుగురికీ కలిపి 700 డాలర్ల పైనే ఉందట, అర్జీ పంపమన్నారు, పంపాను. ఇంతకాలం ఎవరూ చెప్పనిది మీరు ఒక్క వాక్యంలో చెప్పారు. చాలా కృతజ్ఞతలు.

టెక్సస్ ఇన్సూరెన్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫిర్యాదు చేద్దామా అనుకున్నాను. క్లెయిమ్ తిరస్కరణ గురించి కాదు, అది ఎందుకో ఇప్పుడు అర్థమైంది. క్రూజ్ కొనేవాళ్ళకి అమ్మే పాలసీ మొదటి పేజీలో తీవ్ర వాతావరణానికి రక్షణ అని రాసి, ఓడ బయల్దేరితే ఇది వర్తించదు అన్న మాట అక్కడే రాయకపోవడం గురించి. మానేరు ఒడ్డు గారు చెప్పినట్టు నా అసలు గొడవ అదే. ఆ ఉత్తరం మాత్రం రాస్తాను.

అమ్మ ఫోన్‌లో ఈ సంగతి విని, నా వల్ల మీకు ఇంత నష్టమా అని ఏడ్చింది. అందుకని వచ్చే మే నెలలో హరికేన్‌లు లేని చోటికి, సియాటెల్ నుంచి అలాస్కాకి తీసుకెళ్దామని మొన్న గురువారం డిపాజిట్ కట్టాం. అమ్మావాళ్ళ పాలసీ వాళ్ళు ఇండియాలో ఉండగానే తీసుకోమని అన్నయ్యకి చెప్పాను. కంపెనీ సొంత ప్లాన్ ఇండియా నివాసులకి ఇస్తారా అని కూడా అడిగాను, కనుక్కుని చెప్తామన్నారు.

ఎడిసన్_మామ

సంతోషం. అమ్మగారిని బాధపడవద్దని చెప్పండి. కానీ సియాటెల్ నుంచి వెళ్ళే అలాస్కా ఓడలు దాదాపు అన్నీ కెనడాలో ఆగుతాయి, ఎక్కువగా విక్టోరియాలో. ఇండియా పాస్‌పోర్ట్‌కి కెనడా వీసా కావాలి, ఓడ దిగకపోయినా సరే. అది లేదని రేవులో ఎక్కనివ్వకపోతే మామూలు పాలసీ ఏదీ డబ్బివ్వదు. తీసుకున్నారా?

కేటీవాసి

లేదండి. ఇప్పుడు వైజాగ్‌లో రాత్రి రెండు. తెల్లారగానే నాన్నకి ఫోన్ చేస్తాను.